డిశ్చార్జ్ బుక్‌లో పేరు తప్పు పడిందా? రికార్డ్ ఆఫీస్‌కి రాసే ముందు ఇది చదవండి

ఆర్మీ నుంచి దిగిపోయేటప్పుడు నాకిచ్చిన డిశ్చార్జ్ బుక్‌లో మా ఆవిడ పేరు లక్ష్మి. పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు ఆర్డరులో, లక్ష్మమ్మ. ఆధార్‌లో వెంకటలక్ష్మి. పెళ్లైన 34 ఏళ్లలో ఈ ముగ్గురితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు, ముగ్గురూ ఒకే గొంతుతో కేకలేస్తారు కాబట్టి. పెన్షన్ బ్యాంకు నుంచి స్పర్శ్‌కి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతికి) మారాక మాత్రం కంప్యూటర్ ఒప్పుకోలేదు. పేర్లు కలవడం లేదంది, అంతే.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నేను ఆర్మీలో క్లర్కుని. 24 ఏళ్లు అందరి పెళ్లిళ్లకీ, పిల్లల పుట్టుకలకీ పార్ట్ టూ ఆర్డర్లు (సర్వీసు రికార్డులోకి వివరాలు ఎక్కించే యూనిట్ ఉత్తర్వులు) టైపు చేసినవాణ్ణి, దీపం కింద చీకటి అన్నట్టు నా కాగితం మాత్రం సరిగ్గా చూసుకోలేదు. డిశ్చార్జ్ రోజు సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టేసి రైలెక్కేశాను. ఆ తప్పు సరిచేసుకోవడానికి నాకు 11 నెలలు పట్టింది, అందులో సగం నేను తప్పు చోట తిరిగినందుకే. మీరు తిరగకండి.

ముందు ఏ కాగితం తప్పో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తేడా కనపడగానే ఆర్మీ రికార్డ్ మార్చాలని దరఖాస్తు రాసేస్తారు. కాస్త ఆగండి.

మీరు భర్తీ అయిన రోజున రాసింది షీట్ రోల్. మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు అన్నీ అందులో ఉంటాయి, అది మీ కోర్ లేదా రెజిమెంట్ వాళ్ల సర్వీసు కాగితాలు దాచే రికార్డ్ ఆఫీస్‌లో ఉంటుంది. తర్వాత పెళ్లి, పిల్లలు, ఒక్కొక్కటీ మీ యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ వేస్తే అందులోకి ఎక్కుతాయి. మీరు దిగిపోయేటప్పుడు రికార్డ్ ఆఫీస్ దాన్ని చూసి డిశ్చార్జ్ బుక్ రాస్తుంది, పెన్షన్ కోసం డేటా షీట్ తయారుచేసి పంపుతుంది. ఆర్మీ వాళ్లదైతే అలహాబాద్‌లోని పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు దాని ఆధారంగా పీపీఓ ఇస్తుంది (ఊరికి ప్రయాగ్‌రాజ్ అని పేరు మారినా మన పాతవాళ్ల నోట్లో ఇంకా అలహాబాదే). నేవీ వాళ్లది ముంబయి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లది ఢిల్లీ. ఆ పీపీఓలో ఉన్నదే స్పర్శ్‌లోకి, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులోకి పోతుంది.

అంటే తప్పు ఈ గొలుసులో ఎక్కడ పడిందో తెలియాలి. షీట్ రోల్‌లో సరిగ్గానే ఉండి పీపీఓలో మాత్రమే అక్షరం తప్పుంటే పని తేలిక, రికార్డ్ ఆఫీస్ తన కాగితం చూసుకుని కారిజెండమ్ (సవరణ) పీపీఓ కోసం రాస్తుంది, మీరు పెద్దగా రుజువులు ఇవ్వక్కర్లేదు. షీట్ రోల్‌లోనే తప్పుంటే ముందు అది మారాలి, తర్వాతే పీపీఓ. నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే, పీపీఓ మార్చమని నేరుగా అలహాబాద్‌కి రాశాను. మీ రికార్డ్ ఆఫీస్ ద్వారా రమ్మని జవాబొచ్చింది. రూలు అదే, వాళ్లని అనడానికేం లేదు.

షీట్ రోల్‌లో ఏముందో మీకెలా తెలుస్తుంది? సమాచార హక్కు చట్టం ఉంది కదా, 2005 నాటిది. మీ సర్వీస్ నంబర్, ర్యాంకు, పేరు రాసి, షీట్ రోల్‌లో కుటుంబ వివరాలున్న పేజీల నకలు, పెళ్లికీ పిల్లలకీ వేసిన పార్ట్ టూ ఆర్డర్ల నకలు కావాలని అడగండి. ఆన్‌లైన్ ఆర్‌టీఐ పోర్టల్‌లో ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ సొంత కాగితం మీరే అడుగుతున్నారు, మొహమాటం దేనికి. ఈ ఒక్క పని ముందు చేస్తే మిగతాదంతా సగం తేలికవుతుంది.

మీ పేరైతే ఆధార్‌ని మార్చుకోండి, ఆవిడ పేరైతే ఆలోచించండి

నా అభిప్రాయం సూటిగా చెప్తా. తేడా మీ సొంత పేరులోనో మీ పుట్టిన తేదీలోనో అయితే ఆర్మీ రికార్డ్ జోలికి పోకండి, ఆధార్‌నీ పాన్‌నీ డిశ్చార్జ్ బుక్‌కి తగ్గట్టు మార్చుకోండి. ఇరవై ఏళ్లు జీతం ఆ పేరు మీద తీసుకున్నారు, మెడల్స్ ఆ పేరు మీద ఉన్నాయి, ఇప్పుడు దాన్ని కదిపితే ఒక్కొక్కటీ కదలాలి. ఆధార్ సెంటర్‌లో పని కాస్త ఓపికతో అయిపోతుంది. కాకపోతే గుర్తుంచుకోండి, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. సెంటర్లో కుర్రాడు టైపు చేశాక రసీదు మీద అక్షరం అక్షరం చదివాకే ఓకే అనండి. తొందరలో అతను కొట్టిన తప్పుకి మీ ఛాన్స్ ఒకటి పోతుంది.

పుట్టిన తేదీ సంగతి మరీ ముఖ్యం. మనలో ఎంతమందికి అసలు తేదీ తెలుసు చెప్పండి. బడిలో చేర్పించిన రోజు పంతులుగారు వేసిన తేదీ, లేదా భర్తీ ర్యాలీకి వయసు సరిపోవాలని ఎవరో చెప్పిన తేదీ. కానీ సర్వీసులో నమోదైన తేదీని రిటైరయ్యాక మార్చమంటే దాదాపు ఎవరూ వినరు, కోర్టులు కూడా చివర్లో వచ్చి అడిగే తేదీ మార్పుల్ని ఏళ్లుగా తోసిపుచ్చుతూనే ఉన్నాయి. సాక్షాత్తూ ఆర్మీ చీఫ్‌కే కుదరలేదు. జనరల్ వీకే సింగ్ గారి పుట్టిన ఏడు ఒక బ్రాంచిలో 1951, ఇంకో బ్రాంచిలో 1950 అని ఉంది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, 1950 లెక్కనే ఆ మే నెలాఖరున రిటైరయ్యారు. నాలుగు నక్షత్రాల జనరల్‌కి కానిది నాయక్‌కీ హవల్దార్‌కీ ఎక్కడవుతుంది.

భార్యాపిల్లల వివరాలు వేరే సంగతి. అవి ఆర్మీ రికార్డ్‌లో మారతాయి, రోజూ మారుతూనే ఉంటాయి. అక్కడ మాత్రం ఏది తప్పో చూడండి. మా ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఓటరు కార్డులో, బ్యాంకులో అంతటా వెంకటలక్ష్మి, ఆర్మీ కాగితాల్లో మాత్రమే వేరు. అందుకని ఆర్మీవే మార్చాం. మీ ఇంట్లో ఆధార్ ఒక్కటే తేడాగా ఉంటే దాన్నే మార్చండి, అది చవక.

మన తెలుగు పేర్లతో వచ్చే తంటా

ఉత్తరాది క్లర్కుకి మన పేరు ఎప్పుడూ పజిలే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరంగా. వాళ్లకి ఇంటిపేరు వెనక ఉండాలి. దాంతో కె. వెంకటేశ్వర్లు కాస్తా వెంకటేశ్వర్లు కె అవుతాడు, ఇంకో కాగితంలో కె పూర్తిగా విప్పబడి తండ్రి పేరనుకుని రాస్తారు. రావు, రెడ్డి, గౌడ్ ఒక చోట ఉంటాయి, ఒక చోట ఉండవు. ఇంగ్లీషులో లక్ష్మిని ఎక్స్ పెట్టి రాసేవాళ్లున్నారు, కె, ఎస్, హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు. ఆడవాళ్లకి అమ్మ, దేవి, కుమారి, బాయి, పాతబస్తీ వాళ్లయితే బేగం, బీ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అక్షరాల తేడాకీ అసలు పేరు మార్పుకీ కావాల్సిన కాగితాలు వేరు. లక్ష్మిని ఎక్స్‌తో రాశారు, లేదా ఇంటిపేరు విప్పి రాయాలి, ఇలాంటివాటికి 'ఈ రెండు పేర్లూ ఒకరివే' అని అఫిడవిట్, దానికి తోడు తహసీల్దారు దగ్గర్నుంచో మరో అధికారి దగ్గర్నుంచో అదే మాట చెప్పే సర్టిఫికెట్ ఉంటే మామూలుగా సరిపోతుంది. కానీ రికార్డ్‌లో సుజాత అని ఉంది, ఆధార్‌లో పద్మావతి అని ఉంది అంటే (పెళ్లిలో పేరు మార్చే ఇళ్లలో ఇది మామూలే) అప్పుడు అఫిడవిట్‌తో పాటు ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక తెలుగు పేపర్లో ప్రకటన వేయమంటారు, గెజిట్ కూడా అడగవచ్చు. మన తెలంగాణ గెజిట్ పని చంచల్‌గూడలోని ప్రభుత్వ ప్రెస్‌లో జరుగుతుంది. పేపర్ ప్రకటన కత్తిరించి పంపకండి, తేదీ, పేపర్ పేరు కనపడేలా పేజీ మొత్తం పంపండి. నాకు తెలిసిన ఒక సుబేదార్ సాబ్ అగ్గిపెట్టంత ముక్క కత్తిరించి పంపారు, వెనక్కొచ్చింది, ఆ తేదీ పేపరు దొరక్క మళ్లీ డబ్బు కట్టి వేయించుకున్నారు.

గోల్కొండకి వెళ్లకండి, నాసిక్‌కి రాయండి

హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి ఆర్మీ అంటే అంతా ఇక్కడే ఉందనుకుంటాం. రెండు రికార్డ్ ఆఫీసులు ఇక్కడున్న మాట నిజమే. ఆర్డినెన్స్ కోర్ వాళ్లది తిరుమలగిరిలో ఏఓసీ రికార్డ్స్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్) వాళ్లది సికింద్రాబాద్‌లోనే. ఈ రెండు కోర్ల వాళ్లు అదృష్టవంతులు, యాప్రాల్ నుంచో అల్వాల్ నుంచో ఆటోలో వెళ్లి స్వయంగా అడిగి రావచ్చు. వెళ్లేటప్పుడు మాజీ సైనికుల గుర్తింపు కార్డు, డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్, రెండేసి జెరాక్సులు పట్టుకెళ్లండి, మధ్యాహ్నం భోజనం వేళకి ముందే గేటు దగ్గరుండండి.

ఆర్టిలరీ వాళ్లు మాత్రం గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్లి తిరిగొస్తుంటారు. అది ట్రైనింగ్ సెంటర్. ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంప్‌లో ఉంది. సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరు, ఆర్మీ మెడికల్ కోర్‌ది లక్నో, ఆర్మర్డ్ కోర్‌ది అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్), డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) వాళ్లది కన్నూర్. ఆర్మీ నుంచి దిగి డీఎస్‌సీలో మళ్లీ చేరినవాళ్లకి రెండు పెన్షన్లు ఉంటే రెండు రికార్డ్ ఆఫీసులుంటాయి, రెండింటికీ రాయాలి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ సెయిలర్లు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. డిశ్చార్జ్ బుక్ మీద ముద్ర చూస్తే మీది ఏదో తెలిసిపోతుంది.

కాగితాలు

పేరు, పుట్టిన తేదీ, ఫొటో ఉన్న కాగితాలన్నీ ముందు బల్ల మీద పరవండి. డిశ్చార్జ్ బుక్‌లో కుటుంబ వివరాలున్న పేజీలు, పీపీఓ, అంతకుముందు వచ్చిన కారిజెండమ్‌లు ఉంటే అవి కూడా (వేతన సంఘాలప్పుడు, ఓఆర్ఓపీ, అంటే ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ అప్పుడు వచ్చినవి చాలామంది పారేస్తారు, వెతకండి), ఇద్దరి ఆధార్, పాన్, జాయింట్ ఫొటో, అఫిడవిట్. భార్య పేరు పార్ట్ టూలో అసలు పడకపోతే పెళ్లి సర్టిఫికెట్ కూడా కావాలి. పెళ్లి ముప్పై ఏళ్ల కిందటిదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోవచ్చు, సాక్షులతో వెళ్లాలి. కొడుకులూ కోడళ్ల ముందు ఈ వయసులో పెళ్లి రిజిస్ట్రేషనా అని మా తోటి ఒకాయన వాయిదా వేస్తూ వచ్చాడు, చివరికి మనవరాలే తీసుకెళ్లి చేయించింది, ఫొటోలు కూడా తీసింది.

అఫిడవిట్ నోటరీతో చాలా, మెజిస్ట్రేట్ ముందు చేయాలా అన్నది రికార్డ్ ఆఫీస్‌ని బట్టి ఉంటుంది. ముందు ఫోన్‌లోనో ఉత్తరంతోనో కనుక్కోండి. కనుక్కోవడం కుదరకపోతే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ దగ్గరిదే చేయించండి, శ్రమ ఎక్కువే గానీ వెనక్కి తిరిగి రావడం తక్కువ. అఫిడవిట్‌లో సర్వీస్ నంబర్, ర్యాంకు, రికార్డ్‌లో ఉన్న పేరు ఉన్నదున్నట్టు, సరైన పేరు ఉన్నదున్నట్టు, రెండూ ఒకే మనిషివని రాయాలి. కోర్టు బయట టైపిస్టులకి పాత నమూనా ఒకటుంటుంది, మీ కేసు ఏదైనా అదే దింపేస్తారు, చదివాకే సంతకం పెట్టండి.

భార్య పుట్టిన తేదీ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత రికార్డుల్లో ఆవిడ తేదీ ఉండదు, లేదా ఏడు మాత్రమే ఉంటుంది. ఇప్పుడేం అవసరం అనిపిస్తుంది. కానీ మీ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేది ఆవిడ, 80 ఏళ్లు నిండగానే అది 20 శాతం పెరుగుతుంది, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి రెట్టింపు. తేదీ లేకపోతే ఆ పెంపు ఏ రోజు నుంచి ఇవ్వాలో ఎవరు చెప్తారు? బర్త్ సర్టిఫికెట్ గానీ పదో తరగతి మార్కుల మెమో గానీ ఉంటే అంతకంటే బలమైనది లేదు. అవి లేనివాళ్లు బడి టీసీ వెతకండి. ఆధార్ ఒక్కటే చూపించి తేదీ నిలబెట్టాలనుకోకండి, అది పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ సంస్థే చెప్పింది, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో వయసుకి ఆధార్ కంటే బడి సర్టిఫికెట్‌నే తీసుకుంది. అయినా ఆధార్ జెరాక్స్ జతచేయాల్సిందే, అది లేకుండా స్పర్శ్ కదలదు.

పిల్లల విషయంలో బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి మెమో చాలు. ఇది మాత్రం తొందరగా చేసుకోండి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కి ముందు ఏటా ఇదే టెన్షన్. క్యాప్ (సైనికుల పిల్లల) కేటగిరీ సీటు కోసం మాసబ్ ట్యాంక్‌లో సర్టిఫికెట్లు చూసేటప్పుడు డిశ్చార్జ్ బుక్‌లో అమ్మాయి పేరు ముద్దుపేరుగా ఉంటే, మెమోలో అసలు పేరుంటే, అక్కడ మీరు ఎంత బతిమాలినా ఆ రోజు పని కాదు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టండి. సొంతంగా సంపాదించుకోలేని దివ్యాంగులైన పిల్లలుంటే ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది కాబట్టి ఆ పేరు పీపీఓలో ఎక్కించడం అన్నిటికంటే ముందు పని.

తెలుగులో ఉన్న ఏ కాగితమైనా, టీసీ అయినా, గ్రామ పంచాయతీ సర్టిఫికెట్ అయినా, ఇంగ్లీషులోకి మార్చి నోటరీ చేయించి జతపెట్టండి. జబల్‌పూర్‌లో కూర్చున్న క్లర్కుకి మన లిపి జిలేబీ చుట్టలా కనిపిస్తుంది.

దరఖాస్తు ఎలా రాయాలి

ఒక్క పేజీ. ఇంగ్లీషులోనో హిందీలోనో. మీ 1984 నుంచి కథ అక్కర్లేదు, సియాచిన్‌లో చేసినా, కార్గిల్‌లో చేసినా ఇక్కడ అది పని చేయదు. క్లర్కుగా చెప్తున్నా, టేబుల్ మీద 60 ఉత్తరాలున్నప్పుడు పైనే సర్వీస్ నంబర్ కనపడిన ఉత్తరం ముందు కదులుతుంది.

పైన 'టు' కింద మీ రికార్డ్ ఆఫీస్ పేరు, పెన్షన్ సెక్షన్ అని. సబ్జెక్ట్ లైనులో పని చెప్పేయండి: 'డిశ్చార్జ్ బుక్‌లో, పీపీఓలో భార్య పేరు సవరణ', కింద సర్వీస్ నంబర్, ర్యాంకు, పేరు. తర్వాత ఇలా: నేను ఫలానా తేదీన భర్తీ అయి ఫలానా తేదీన ఫలానా యూనిట్ నుంచి డిశ్చార్జ్ అయ్యాను, నా పీపీఓ నంబరు ఇది. నా రికార్డులో భార్య పేరు ఇలా ఉంది, ఉండాల్సింది ఇలా. పొరపాటు ఫలానా పార్ట్ టూ ఆర్డర్‌లో జరిగినట్టు నకలు చూస్తే తెలుస్తోంది (ఆర్‌టీఐ నకలు ఇక్కడ పనికొస్తుంది). రుజువుగా ఈ కాగితాలు జతచేశాను. రికార్డు సవరించి, కారిజెండమ్ పీపీఓ జారీ అయ్యేలా చూడాలని మనవి. కింద సంతకం, ఇప్పటి చిరునామా, ఫోన్, ఈమెయిల్.

తప్పూ ఒప్పూ పక్కపక్కన రెండు గడుల పట్టికగా గీసి పెడితే ఇంకా మంచిది. సంతకం ఇప్పటిది డిశ్చార్జ్ బుక్‌లో ఉన్నట్టే ఉండాలి. అప్పట్లో తెలుగులో పెట్టి ఇప్పుడు ఇంగ్లీషులో పెట్టేవాళ్లు అది కూడా ఒక లైనులో చెప్పేయండి.

పంపే ముందు సోమాజిగూడలో సైనిక్ ఆరామ్‌ఘర్‌కి వెళ్లండి, సైనిక సంక్షేమ శాఖ అక్కడే ఉంటుంది. మీ పేరు అక్కడ మాజీ సైనికుడిగా నమోదై ఉంటే జెరాక్సుల మీద అటెస్టేషన్, దరఖాస్తు మీద కౌంటర్ సంతకం, వాళ్ల కవరింగ్ లెటర్ అడగండి. జిల్లాల్లో ఉన్నవాళ్లు మీ ప్రాంతపు సైనిక సంక్షేమ కార్యాలయంలోనే చేయించుకోండి, హైదరాబాద్ దాకా రావక్కర్లేదు. మామూలు మనిషి ఉత్తరం కంటే ఆ ముద్ర ఉన్న ఉత్తరానికి బలం ఎక్కువ.

పోస్టులో అయితే స్పీడ్ పోస్ట్ చేయండి. రిజిస్టర్డ్ పోస్ట్ అడిగితే కౌంటర్‌లో లేదంటారు, 2025 సెప్టెంబరు నుంచి దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు చూపించిన పేజీని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ వాళ్లు రాతపూర్వకంగా అడిగితే తప్ప పంపవద్దు, పంపాల్సి వస్తే ముందు పేజీ పేజీ స్కాన్ చేసుకోండి.

పంపాక

స్పర్శ్‌లో మీ లాగిన్‌లో కూడా ప్రొఫైల్ సవరణకి రిక్వెస్ట్ పెట్టండి, అదే కాగితాలు అప్‌లోడ్ చేయండి. కాగితం ఒక దారిన, కంప్యూటర్ ఒక దారిన వెళ్లనివ్వండి. లాగిన్ చేతకానివాళ్లు సికింద్రాబాద్‌లోని డీపీడీఓ (రక్షణ పెన్షన్ల చెల్లింపు) ఆఫీసుకో, దగ్గర్లోని స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కో వెళ్లండి. పాస్‌వర్డ్ మాత్రం నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర వదలకండి. ఓటీపీ అడిగే ఫోన్ కాల్ ఏది వచ్చినా, 'అలహాబాద్ నుంచి' అన్నా సరే, పెట్టేయండి. ఈ పేరుతో మోసపోయినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు.

ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మీ గడువులోపు మామూలుగానే ఇవ్వండి. సవరణ నడుస్తోంది కదా, అయ్యాక ఇద్దాం అని ఆగితే పెన్షనే ఆగుతుంది.

రెండు నెలల్లో ఏ జవాబూ రాకపోతే పాత ఉత్తరం తేదీ, స్పీడ్ పోస్ట్ నంబరు రాసి రిమైండర్. ఇంకో నెల చూసి ఆర్‌టీఐలో 'నా ఫలానా తేదీ దరఖాస్తు మీద ఇప్పటివరకు తీసుకున్న చర్య ఏమిటి' అని ఒక్క ప్రశ్న. నాకు పని కదిలింది ఆ ప్రశ్నతోనే. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్, రక్షణ శాఖ వాళ్ల పెన్షన్ శికాయత్ పోర్టల్ ఉన్నాయి. రాతపూర్వకంగా తిరస్కరిస్తే, మీకు గట్టి ఆధారాలుంటే, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తెలంగాణ, ఆంధ్ర కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి. పేరులో అక్షరం కోసం అంత దూరం వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. లాయరు దగ్గరికి ముందే పరిగెత్తకండి.

భర్త పోయాక బయటపడితే

ఎక్కువ మంది ఇళ్లలో ఇది అప్పుడే బయటపడుతుంది. కర్మకాండలయ్యాక ఆవిడ ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళ్తే, పీపీఓలో పేరు వేరు అంటారు. లేదా పాత కాలపు పీపీఓ అయితే అసలు భార్య పేరే ఉండదు. అమ్మా, భయపడకండి, పెన్షన్ పోదు, ఆలస్యం అవుతుంది. డెత్ సర్టిఫికెట్, ఆయన డిశ్చార్జ్ బుక్, పీపీఓ, మీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లికి రుజువు, రెండు పేర్లూ మీవేనన్న అఫిడవిట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇవన్నీ పట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికే ముందు వెళ్లండి. కొడుకుని పంపకండి, మీరు వెళ్లండి, వెంట కొడుకుని తీసుకెళ్లండి. అక్కడ ఉద్యోగులు చాలామంది మాజీ సైనికులే, ఫారాలు వాళ్లే నింపిస్తారు. డెత్ సర్టిఫికెట్‌లో ఆయన పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఉన్నట్టే రాయించండి, ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడే, ఆ దుఃఖంలో కూడా ఎవరో ఒకరు ఆ అక్షరాలు చూడాలి. లేకపోతే ఇంకో సవరణ మొదలవుతుంది.

ఆయన పెన్షన్‌కి సరిపడా సర్వీసు లేకుండా దిగిపోయి ఉంటే ఇంకో చిక్కు. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటాక తీసేస్తారు, లాంగ్ రోల్ (ముఖ్య వివరాల రిజిస్టరు) మాత్రం ఉంటుంది. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న డిశ్చార్జ్ కాగితమే ఆధారం, దాన్ని లామినేషన్ చేయించకండి, వెనక ముద్రలు కనపడక ఇబ్బంది పడతారు.

ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి: ఈ ఉత్తరాలేవీ మీకు అక్కర్లేదు, యూనిట్ క్లర్కు దగ్గరికెళ్లి కాగితాలిచ్చి పార్ట్ టూ వేయించుకోండి, వేశాక నకలు అడిగి ఇంట్లో పెట్టుకోండి. క్లర్కుకి ఒక టీ ఇప్పించండి, పాపం అందరూ మర్చిపోతారు.

మాకు కారిజెండమ్ పీపీఓ స్పర్శ్‌లో ఒక మంగళవారం రాత్రి కనిపించింది. మొదట పేరు చూశా, తర్వాత తేదీ, తర్వాత సర్వీస్ నంబర్, తర్వాత బ్యాంకు ఖాతా, ఎందుకంటే సవరణలో కొత్త తప్పు పడడం నేను బోలెడు చూశాను. అన్నీ సరిపోయాయి. మర్నాడు మూడు ప్రింట్లు తీయించి ఒకటి ఈసీహెచ్ఎస్ కార్డు మార్పుకి జతచేశాను, ఒకటి డిశ్చార్జ్ బుక్‌లో పెట్టాను, ఒకటి వెంకటలక్ష్మి తన బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది.